ఆగిన చోట్లు

మూడు దొరికాయి. నాలుగోది దొరకాలి. నాలుగు శాటిలైట్లు దొరికితే తప్ప ఆ పెట్టెకు తానెక్కడున్నదీ తెలియదని అంగడి సుకుమార్ చెప్పి పోయాడు. పిట్టగోడ మీద, ఎండలో, రెండు పెట్టెలూ వెల్లకిలా పడుకొని ఆకాశంలోకి చూస్తున్నాయి. ఒకటి అరచేతిలో ఇమిడేది, బొత్తాలది. ఇంకొకటి బడిపిల్లల పలకంత, నున్నటి అద్దం మొహంది. కుప్పయ్య నీళ్ళ ట్యాంకుకు వీపు ఆనించి వాటినే చూస్తున్నాడు. ట్యాంకు నీడ మూరెడు కూడా లేదు. ఆ మూరెడులోనే తానూ, కూతురు ప్రసన్నకుమారీ. కాళ్ళకు చెప్పులు లేవు. అంగడి ముందర విడవమంటే విడిచారు. మే నెల, మధ్యాహ్నం రెండు గంటలు, మూడో అంతస్తు పైన మిద్దె. నీడలోంచి బయటికి అడుగు వేస్తే అడుగు కాలిపోతుంది. తలుపు దగ్గరికి పది అడుగులు. ప్రసన్న ఆ పది అడుగులూ మూడుసార్లు పరుగెత్తింది, ఇనుప తలుపును అరచేత్తో బాదింది, మళ్ళీ పరుగెత్తుకొచ్చి ఒక పాదం మీద ఇంకో పాదం పెట్టుకొని నిలబడింది. గాలికి తలుపు తనంతట తానే మూసుకుంది, అవతల గడియ పడింది. సుకుమార్ అన్నానికి పోయాడు. "కొత్త పెట్టెలు గదన్నా, శాటిలైట్లు దొరికేదానికి పది నిమిషాలు పడతాది, ఈలోగా నేను రెండు ముద్దలు తినేసి వస్తా" అని పోయాడు. పోతూ పోతూ ప్రసన్న ఫోను కూడా పట్టుకుపోయాడు, పెట్టెలోని దారులు ఫోనులో కనబడే ఏర్పాటు చేస్తానని. కుప్పయ్య ఫోను జీపులో ఉంది. జీపు బస్టాండు వెనక సందులో ఉంది. పైనుంచి కేక వేస్తే కింద ఆటోల హారన్లలో కలిసిపోతోంది.

"నాయనా, ఈ రెండిట్లో దేంతోనైనా ఎవురికన్నా కబురు పంపేదానికి అయితాదా?"

"కాదంట."

"మనం ఈడుండామని దానికి తెలుస్తాది గదా."

"తెలుస్తాది. సెప్పదు."

ప్రసన్న నవ్వింది. "కోనల్లో దోవలన్నీ కంఠతా వచ్చిన కుప్పయ్య, మిద్దె దిగే దోవ తెలీక నిలబడినాడు" అంది. కుప్పయ్య నవ్వలేదు. కబురు పంపే రకం పెట్టెలు వేరే ఉన్నాయి, వాటికి సర్కారు అనుమతి కావాలి, అది లేకుండా దగ్గర పెట్టుకుంటే పోలీసులు తీసుకుపోతారని సుకుమార్ ముందే చెప్పాడు. కాబట్టి ఈ రెండూ పైనుంచి వచ్చేది వినేవే, తిరిగి ఒక్క మాట పలకలేవు. దాంట్లో కుప్పయ్యకు తప్పేమీ కనబడలేదు. తెలిసినదంతా చెప్పి తీరాలని ఎవరన్నారు.

వచ్చే ఒకటో తేదీ నుంచి అతని జీపు వైద్యం జీపు అవుతుంది. కోన మీది మూడు పల్లెలకు వారానికి రెండుసార్లు మందులు, సూదులు, కడుపుతో ఉన్నవాళ్ళకు పరీక్షలు. ప్రసన్న నర్సు, ఆ పనికంతా పెద్ద కూడా ఆమే. ఇట్లాంటి జీపులు ఐదు, ఐదు కోనలకు. ఘాటు దాటితే ఫోను పనిచేయదు కాబట్టి ప్రతి జీపులోనూ దారి చూపే పెట్టె ఉండి తీరాలన్నారు. ఏ పెట్టె మంచిదో చూసి రమ్మని ప్రసన్నకు అప్పగించారు. ప్రసన్న నాయనను వెంటబెట్టుకొచ్చింది, దోవలు తెలిసిన మనిషని. చిన్నపెట్టె గోడగడియారంలో వేసే సెల్లులతో నడుస్తుంది, నీళ్ళలో పడ్డా చావదు, తడి వేళ్ళతో నొక్కినా మాట వింటుంది. దారి చూపుతుంది, అంతటితో దాని పని సరి. పెద్దపెట్టెకు రోజూ జీపు నుంచి కరెంటు ఎక్కించాలి, తడి వేలు తగిలితే బొమ్మ ఎటో పరుగెత్తుతుంది. అయితే అది పోయిన దారంతా రాసిపెడుతుంది. ఎక్కడ మలుపు తిరిగారు, ఎంత వేగంగా పోయారు, ఎక్కడ ఆగారు, ఎంతసేపు ఆగారు. మనం దాంట్లో ఒక చోట గుర్తు పెడితే, ఊరు చేరి ఫోనుకు కలపగానే ఆ గుర్తు మిగతా నాలుగు జీపుల్లోనూ కనబడుతుంది. "సాయంత్రం ఇంట్లో కూచొని ఫోనులో సూసుకోవచ్చు మేడం, ఆ పొద్దు జీపు యాడాడ నిలిచిందో నిమిషాలతో సహా" అన్నాడు సుకుమార్. ప్రసన్న మొహం వెలిగింది. అప్పుడే కుప్పయ్య చిన్నపెట్టెను చేతిలోకి తీసుకొని, ఇది సాలు, అన్నాడు. ఎందుకంటే సెల్లులన్నాడు, వానన్నాడు, తన మొద్దు వేళ్ళు చాపి చూపించాడు. మూడూ నిజాలే. అసలు కారణం ఆ మూడింటిలో లేదు. అసలు కారణం తన ఊరు గుండ్లమిట్ట నుంచి కిందికి దిగేటప్పుడు నాలుగు మైళ్ళకు, దోవ రెండుగా చీలే చోట, పసుపు పూసిన రాయిగా నిలబడి ఉంది. దిగిన ప్రతిసారీ జీపు అక్కడ ఆగుతుంది. ఇరవై నిమిషాలు, ఒక్కోసారి అరగంట. జీపులో ఉన్నవాళ్ళు మొక్కు అనుకుంటారు. తల్లి పోయాక ప్రసన్న గుండ్లమిట్టకు రాలేదు, అమ్మ లేని ఇంటికి ఏం రావాలని, తండ్రే తిరుపతికి వచ్చి ఆమెను చూసి పోతాడు. కాబట్టి ఆమెకు ఆ ఆగడం తెలియదు. తెలిస్తే ఎందుకని అడుగుతుంది. నర్సు, అడగడమే పని. అడిగితే ఆ తీగ లాగుతూ లాగుతూ నాలుగేళ్ళ కిందటి వానలోకి పోతుంది. పోకూడదు. అందుకే చిన్నపెట్టె.

ఎదురుగా కొండలు. ఇటువైపు నుంచి చూస్తే గోడ కట్టినట్టు ఉంటాయి, ఊరికి వచ్చిన వాళ్ళంతా ఈ మొహాన్నే చూసి దండం పెట్టి పోతారు. కుప్పయ్యకు ఆ కొండల వీపు తెలుసు. అక్కడ గోడ ఉండదు, మడతలు ఉంటాయి, ఉతికి పిండి పారేసిన పంచె లాగా. ఆ మడతల్లో దోవలు అతని నాయన ఎడ్లబండి తోలి వేసినవి, చింతపండుకు, వెదురుకు. బండిచక్రం కోసిన గాడిలోనే ఈనాటికీ జీపు టైరు పోతుంది. నాయన దోవలకు పేర్లు పెట్టలేదు, జరిగిన సంగతులు పెట్టాడు. దున్న పడిన మలుపు. ఇరుసు విరిగిన గుట్ట. తేనెటీగలు తరిమిన చింత. ఊళ్ళో బళ్ళో అయిదో తరగతి దాకా చదివినప్పుడు గోడకు పెద్ద పటం ఉండేది. అయ్యవారు దాని మీద బెత్తం ఆనించి మన ఊరు ఎక్కడో చెప్పమన్నాడు. లేదయ్యవారూ, అన్నాడు కుప్పయ్య. బెత్తం మొన కింద జిల్లా అంతా ఉంది, నీ ఊరు లేకపోతే నష్టమెవరికని అయ్యవారు అదే బెత్తంతో ఒకటి వేశాడు. ఆ దెబ్బ మరిచిపోలేదు. అయ్యవారు చనిపోయినప్పుడు ఊరంతా చూడబోయింది, తాను పోలేదు. పటాల మీద అప్పటినుంచీ నమ్మకం లేదు. ఇందాక అంగట్లో చిన్నపెట్టెలో కోనను చూపించమంటే చూపించాడు సుకుమార్. గీత లోపల గీత, గీత లోపల గీత, రాగిపిండి దోసెలు చుట్టిచుట్టి పోసినట్టు. ఎత్తులట అవి. మధ్యలో ఒక నీలం గీత, అది వాగట. దోవ ఒక్కటి కూడా లేదు. "మీరు తోలుకుంటా పోతే అదే గీసుకుంటాదన్నా" అన్నాడు. అంటే దానికేమీ తెలియదు, నా చేత చెప్పించుకొని రేపు నాకే చెబుతుంది. అట్లాంటి మనుషుల్ని కూడా చూశాడు కుప్పయ్య.

పిట్టగోడ మీద పెద్దపెట్టె కీక్ అంది. ప్రసన్న మడమల మీద పరుగెత్తి చూసి, "మూడే" అని మళ్ళీ వచ్చింది. చెమటకు ఆమె చెవి పక్క వెంట్రుకలు అతుక్కొని ఉన్నాయి. భార్య గురవమ్మకు కూడా అట్లాగే అతుక్కునేవి, పొయ్యి దగ్గర. నాలుగేళ్ళ కిందట ఆ పొద్దు పొయ్యి దగ్గరే ఉంది. కార్తీక మాసం, నాలుగు రోజులుగా వాన, సంగటి కెలుకుతూ కెలుకుతూ తెడ్డు వదిలేసి, ఎద మీద ఎవరో తిరగలి ఎత్తి పెట్టినట్టుందయ్యా, అంది. నవ్వుతూనే అంది. తరువాత నవ్వలేదు. బొంత పరిచి జీపు వెనక పడుకోబెట్టాడు, పక్కింటి పంకజాక్షి తోడు వస్తానంటే ఇంట్లో చంటిబిడ్డ ఉంది వద్దన్నాడు. ఎవరూ తోడు లేకపోవడం తరువాత ఎంత పనికి వచ్చిందో. చీలిక దాకా బాగానే వచ్చాడు. అక్కడి నుంచి కిందికి రెండు దోవలు. కుడిచేతిది బండదోవ, మిట్ట మీదుగా చుట్టు తిరిగి పోతుంది, తొమ్మిది మైళ్ళు, ఎముకలు కదిలిపోతాయి, కానీ ఎంత వాన కురిసినా నీళ్ళు నిలవవు. ఎడమచేతిది వాగుదోవ, నాలుగు మైళ్ళే, ఇసుకలో మెత్తగా పోతుంది, నీళ్ళు లేనప్పుడు. చేతులు అప్పటికే కుడికి తిప్పేశాయి. ముందు చక్రాలు బండ ఎక్కేశాయి. ఆ సంగతి కుప్పయ్య ఎవరికీ చెప్పలేదు, తనకు తాను మాత్రం రోజూ చెప్పుకుంటాడు. చక్రాలు బండ ఎక్కేశాయి. అప్పుడు ఆపాడు.

ఎందుకు ఆపావని అడిగే హక్కు ఈ లోకంలో ఒక్కరికే ఉంది, ఆమె అడగలేదు. చీలికలో గంగమ్మ రాయి ఉంది. అక్కడ పువ్వు అడగడం నాయన నాటి నుంచీ ఉన్నదే. రాయికి కుడిభుజం మీద ఒక పువ్వు, ఎడమభుజం మీద ఒక పువ్వు పెట్టి చేతులు కట్టుకొని నిలబడాలి. ఏ వైపు పువ్వు ముందు రాలితే ఆ దోవన పోవాలి. ఎడ్లకు జబ్బు చేసినా అడిగేవాళ్ళు, పిల్లనిచ్చే చోటు అడిగేవాళ్ళు. జన్మలో స్టీరింగు పట్టుకొని భయపడనివాడు ఆ పొద్దు భయపడ్డాడు. ఇంతకాలం సామాన్లకూ మనుషులకూ దోవ తానే చెప్పాడు, ఈ ఒక్క దోవ తాను చెప్పి అది తప్పితే ఎట్లా అనుకున్నాడు. తప్పు గంగమ్మ మీదికి తోసేయాలని చూశాడు, అదీ నిజం. పూలు లేవు. గురవమ్మ వెనక నుంచి చెయ్యి ఎత్తి కొప్పులోంచి కనకాంబరాల తునక తెంపి ఇచ్చింది. తానే ఇచ్చింది. వానలో రాయి తడిసి ఉంది, పసుపు కరిగి బంకగా ఉంది, పూలు ఎక్కడ పెడితే అక్కడ అతుక్కున్నాయి. రాలవు. ఎండలో అయితే చిటికెలో రాలుతాయి. వానలో ఎట్లా రాలుతాయి. ఆ మాత్రం తెలియదా. తెలిసీ నిలబడ్డాడు. నెత్తి మీదినుంచి నీళ్ళు కారుతుంటే చేతులు కట్టుకొని నిలబడ్డాడు, మధ్యలో కదిలితే అమ్మవారికి కోపం అని. గురవమ్మ, పోదాం పదయ్యా, అంది. రెండోసారి కూడా అంది. మూడోసారి అనలేదు. చివరికి ఎడమభుజం పువ్వు జారింది. బండ మీది చక్రాలు వెనక్కి దించి వాగులోకి తిప్పాడు. రెండో వంపులో ఇసుక జీపును ఇరుసు దాకా మింగింది. నీళ్ళు తలుపు దాకా వచ్చాయి. కొమ్మలు నరికి టైర్ల కింద వేసి, గోకి, తోసి, ఒంటిచేత్తో బయటికి తీసేసరికి చీకటి పడింది. ఆసుపత్రి వాళ్ళు చేసిందేమీ లేదు, వాళ్ళకు చేయడానికి ఏమీ మిగిలి లేదు. దోవలోనే పోయిందన్నారు. ఏ చోట పోయిందో వాళ్ళకు తెలియదు. తనకు తెలుసు, మూడోసారి పోదాం అనని చోట పోయింది.

శవాన్ని లేపేటప్పుడు గురవమ్మ అన్న మునిరామయ్య ఒకే ఒక్క మాట అడిగాడు. "ఏ దోవన వచ్చినావు బావా?" అంతే. అందులో నింద కూడా లేదు. కుప్పయ్య నోట్లోంచి మాట దానంతట అది ఊడిపడింది. బండదోవలో మాను అడ్డం పడింది, అందుకని వాగులోకి దిగినా. ఆ వానలో నాలుగు మాన్లు పడి ఉంటాయి, ఎవరు పోయి లెక్క చూస్తారు. అడిగిన పాపానికి మునిరామయ్యతో ఆ రోజు నుంచి మాట లేదు. చిత్తూరు కాలేజీ హాస్టలు నుంచి ప్రసన్న పరుగెత్తుకొచ్చింది, అప్పుడు చివరి సంవత్సరం చదువుతోంది. ఆమెకు కూడా అదే చెప్పాడు. చెప్పినప్పుడు చిన్న అబద్ధం. ఇంటి గడప దాటే అబద్ధం కాదనుకున్నాడు. ఆ పిల్ల దాన్ని ఎత్తుకొని ఊరూరా తిరిగింది. మా అమ్మను ఒక మాను చంపింది, అని కాగితాలు రాసింది, ఆఫీసుల్లో నిలబడి చెప్పింది, కోన పల్లెలకు జీపు కావాలని కొట్లాడింది. ఐదు జీపులూ అట్లా వచ్చాయి. ఆ రోజు పడని మాను మీద ఐదు జీపులు నిలబడి ఉన్నాయి. ఎవరైనా దాన్ని కదిలించగలరా.

తాను మాత్రం గంగమ్మను వదలలేదు. పొమ్మంటే పోయే దేవత కాదు, ఉండమంటే వినే మనసు తనకూ లేదు. బస్టాండులో మూర కనకాంబరాలు కొంటాడు. ఒకసారి ప్రసన్న చూసి, అమ్మ ఫోటోకా నాయనా, అంది, ఆ, అన్నాడు. దిగేటప్పుడు చీలికలో ఆగి పూలు పెడతాడు, చేతులు కట్టుకొని నిలబడతాడు, ఏది రాలుతుందో చూస్తాడు. కుడిది రాలితే ఎడమకు పోతాడు. ఎడమది రాలితే కుడికి పోతాడు. ఆమె చెప్పినదానికి ఎదురు పోవడమే నాలుగేళ్ళుగా అతని పూజ. ఏ నష్టమూ జరగలేదు, ఏ లాభమూ జరగలేదు. అట్లా ఎదురు పోవాలన్నా ముందు ఆమెను అడగాల్సిందే కదా అన్నది ఈ మధ్యే తట్టింది. తట్టినప్పుడు జీపులో చాలాసేపు కూర్చున్నాడు. వానకాలం మాత్రం జీపు తీయడు, క్లచ్చు బాగాలేదంటాడు. వైద్యం జీపుకు ఆ సాకు చెల్లదు. వానలోనే కదా జ్వరాలు. సాయంత్రం ప్రసన్న ఫోను చూస్తుంది. ఇక్కడ ఇరవై ఆరు నిమిషాలు నిలిచినావే, ఏముంది నాయనా ఆడ, అంటుంది. చిన్నపెట్టె చాలు. సెల్లులు, వాన, మొద్దు వేళ్ళు.

పెద్దపెట్టె మళ్ళీ కూసింది, ఈసారి రెండుసార్లు. ప్రసన్న పరుగెత్తింది. ఈసారి అక్కడ నిలబడకుండా దాన్ని చంకలో పెట్టుకొని తెచ్చేసింది. "నాలుగూ దొరికినాయి నాయనా. సూడు, మనమే." నీలం చుక్క ఒకటి, చుట్టూ తిరుపతి వీధులు. మిద్దె మీద ట్యాంకు పక్కన మూరెడు నీడలో తాను నిలబడ్డ చోటు ఆకాశానికి తెలిసిపోయింది. కుప్పయ్యకు ఒంటి మీద చొక్కా లేనట్టనిపించింది. ప్రసన్న కొంగుతో వేలు తుడుచుకొని బొమ్మను జరుపుతోంది. కొండ దాటింది, కొండ వీపు దాటింది, దోసె గీతల్లోకి పోయింది. ఈ పిల్లకు ఇంత తొందరగా ఎట్లా వచ్చింది ఇది. గుండ్లమిట్టను పట్టుకుంది. నీలం గీతను పట్టుకుంది. "ఈడ గదా చీలిక? గంగమ్మ కాడ?" అంది.

"ఊ."

"ఇట్ల పోయేది బండదోవ. దీనికి ఎర్రగుర్తు పెడతాండా. వానకాలం ఈ దోవన పోరాదు, మాన్లు పడతాయి. సుకుమారన్న సెప్పినాడే, తెలుగులో కూడా రాయచ్చని." వేలు కదులుతోంది. "మన కోన జీపు ఆగిపోయిన పొద్దు వేరే కోన జీపు వస్తాది గదా. దాన్ని తోలే గుణశేఖర్ చిత్తూరు టౌనోడు, వానికి ఈ దోవలు ఏమెరుక. గుర్తు చూసి వాగులోకి దిగతాడు. వాగులో నీళ్ళుంటే కంటికి కనపడతాయి, ఆగతాడు. మాను పడేది ముందర ఎవురికి కనపడతాది."

ఎర్రచుక్క పడింది. చింతగింజంత. బండదోవ మొదట్లో, సరిగ్గా ఆ రోజు తన ముందు చక్రాలు ఎక్కిన చోట. కుప్పయ్య దాన్ని చూశాడు. ఇసుక కంటికి కనపడదని ఈ పిల్లకు ఎవరు చెబుతారు. నీళ్ళు మోకాలి లోతే ఉంటాయి, కింద ఇసుక మనిషి లోతు కదిలి ఉంటుంది, చూసేవాడికి అది వాగు లాగే ఉంటుంది. గుణశేఖర్‌ను ఒకసారి చూశాడు, తలకు నూనె పెట్టి దువ్విన పిల్లవాడు, సారూ సారూ అంటాడు. వాడు చీలికలో జీపు ఆపుతాడు, పెట్టెలోకి చూస్తాడు, ఎర్రచుక్క చూస్తాడు, స్టీరింగు ఎడమకు తిప్పుతాడు. వెనక బొంత మీద ఎవరో ఒకరు. పక్కన ఆ జీపు నర్సు రూత్ కానీ, లేదంటే ప్రసన్న కానీ. పువ్వుకు బదులు చుక్క. చుక్క పెట్టిందెవరు. చెప్పకపోతే ఏమవుతుంది. ఏమీ కాకపోవచ్చు. నాలుగేళ్ళు ఏమీ కాలేదు. ఒక్క వానకాలం చూసి అప్పుడు చెప్పొచ్చు. చిన్నపెట్టె కొనిపిస్తే ఈ చుక్క ఎవరికీ పోదు, ఇక్కడే చచ్చిపోతుంది. కానీ ఆ పిల్ల చుక్కను పెట్టెలో పెట్టకపోతే నోటితో పెడుతుంది, గోడకు రాసి పెడుతుంది, నాలుగేళ్ళుగా పెడుతూనే ఉంది. ఎటు తిరిగినా గోడే. నీడ పాదాల మీదినుంచి జరిగిపోయింది, కాలివేళ్ళు కాలుతున్నాయి, తీసుకోవాలనిపించలేదు. ఇప్పుడు తలుపు తెరుచుకుంటే బాగుండు. సుకుమార్ తిన్నది చాలు, వచ్చి తలుపు తీస్తే, ఏదన్నా అని అడిగితే, చిన్నది అనేసి గబగబా మెట్లు దిగిపోవచ్చు. తలుపు అవతల చప్పుడు లేదు.

"తియ్యి ఆ గుర్తు" అన్నాడు.

"ఏం, తావు తప్పిందా?"

"మాను పడలే."

"ఏ మాను?"

"ఏ మానూ పడలే ఆ పొద్దు. బండదోవ బాగుండింది. నేను గంగమ్మ కాడ నిలిచి పువ్వడిగినా. ఎడమది రాలింది. వాగులోకి తిప్పినా."

ప్రసన్న పెట్టెలోంచి తల ఎత్తలేదు. అద్దం మీద ఒక చెమటచుక్క పడింది, బొమ్మ పిచ్చిపట్టినట్టు పక్కకు పరుగెత్తింది, ఆమె దాన్ని కొంగుతో తుడిచి మళ్ళీ చీలిక దగ్గరికి తెచ్చింది. తరువాత అడగడం మొదలుపెట్టింది. ఆసుపత్రిలో మంచం పక్కన నిలబడి అడిగే గొంతు. కుప్పయ్య ఆ గొంతు ఇంతవరకూ తన మీద వినలేదు.

"అమ్మ నొప్పి అనింది ఎన్ని గంటలకు?"

"మూడుకు."

"చీలిక కాడికి?"

"మూడున్నరకు."

"చెమట పట్టిండిందా?"

"పట్టింది."

"ఎంతసేపు నిలిచినావు?"

"పువ్వు రాలేదాకా."

"పువ్వు కాదు. నిమిషాలు సెప్పు."

"అరగంట."

"మాట్లాడతా ఉండిందా?"

"పోదాం పద అనింది. రెండుసార్లు."

ప్రసన్న పెదవులు కదిలాయి, లోలోపల ఏదో కూడుకుంటున్నట్టు. మూడున్నరకు అరగంట, బండదోవ తొమ్మిది మైళ్ళు, అక్కడి నుంచి తారురోడ్డు, ఘాటు, ఊరు. ఆ లెక్క కుప్పయ్యకు రాదు. వాగులో పోయిన గంటల్నే అతను ఇంతకాలం లెక్కపెట్టుకున్నాడు, నిలబడిన అరగంటను దాంట్లో కలిపి చూడలేదు. ఆమెకు వచ్చు. చదువుకున్నది అదే. ఎద నొప్పి మొదలయ్యాక ఏ నిమిషం దాకా బతుకు ఉంటుందో, ఏ నిమిషం తరువాత ఉండదో ఆమెకు తెలుసు. లెక్క ఎక్కడ తేలిందో ఆమె మొహంలో కనబడింది. అడగాలనుకున్నాడు. అడిగితే చెబుతుంది, దాచదు. అందుకే అడగలేదు.

"ఇంకెవురికి తెలుసు?" అంది.

"ఎవురికీ."

"మునిరామయ్య మామకు?"

"లేదు. అడిగినాడని వాణ్ణి వదులుకున్నా."

ఆమె వేలితో ఎర్రచుక్కను నొక్కిపట్టింది. పెట్టె ఏదో అడిగింది. ఆమె అవునంది. చుక్క పోయింది. "వాగులో యాడ దిగబడింది?" అంది. కుప్పయ్య వంగి చూశాడు. నీలం గీత తప్ప ఏమీ లేదు. అయినా తెలుసు. చీలిక నుంచి మూడు గుండ్లు దాటాలి, మొదటి వంపులో గులకరాళ్ళు, అక్కడ భయం లేదు, రెండో వంపులో ఎడమ ఒడ్డున మద్ది చెట్టు వంగి ఉంటుంది, దాని ఎదురుగా. మొద్దు వేలితో గీత మీద చూపించాడు. అద్దం అతని వేలి మాట కూడా వింది. ఆమె అక్కడ చుక్క పెట్టి రాసింది, రాస్తూ పైకి చదివింది, గుమాస్తా చదివినట్టు. "కింద ఇసుక. వానకాలం దిగరాదు. బండదోవన పోవలె." సరేనా అని అడగలేదు. అడుగుతుందనుకున్నాడు. తరువాత వంగి చీలికను ఇంకోసారి చూసింది, అక్కడ ఏ గుర్తూ పెట్టలేదు.

మెట్ల మీద చప్పుళ్ళు. గడియ లేచింది. సుకుమార్ మొహం, మూతి మీద ఇంకా పెరుగు. "అయ్యో మేడం, తలుపు పడిపోయిందా, దీని మొహం మండ, గాలికి ఇట్లనే చేస్తాది. ఒక కేక వేయొద్దాన్నా. కాళ్ళు కాలినాయేమో. దొరికినాయా శాటిలైట్లు?"

"దొరికినాయి" అంది ప్రసన్న.

"ఏది ఖాయం చేసినారు?"

కుప్పయ్య నోరు తెరిచాడు. పెద్దది అనే అనబోయాడు. నాలుగేళ్ళలో మొదటిసారి ఎవరినీ అడగకుండా ఒక దోవ చెప్పబోయాడు.

"పెద్దది" అంది ప్రసన్న. "ఐదు కావల్ల. ఒకటో తేదీకి." పెట్టెను సుకుమార్ చేతికిచ్చింది. "మా కోన జీపుకు డ్రైవరు వేరే వస్తాడు. ఈయన కాదు. వచ్చేటోనికి మొదట్నుంచి నేర్పించండి."

ఆ మాట ఆమె తండ్రితో చెప్పలేదు, అంగడివాడితో చెప్పింది. చెప్పి కాళ్ళు కాలుతున్నా పరుగెత్తకుండా మామూలుగా నడిచి తలుపు దాటి మెట్లు దిగిపోయింది. సుకుమార్ ఇద్దరినీ చూసి, చిన్నపెట్టెను కూడా తీసుకొని, ఏమీ అర్థం కాక ఆమె వెనక పోయాడు. కుప్పయ్య ట్యాంకుకు ఆనుకొనే ఉన్నాడు. కోపం రాలేదు. వస్తుందేమోనని కాసేపు చూశాడు. తనైనా అంతే చేసేవాడు.